ముద్రయు రక్షణయు

దోషిపై కంటికి కనబడు గుర్తు వేయవలెనను కోరిక మానవసంఘమునకు క్రొత్తది కాదు. మన దేశమునందే ఆంగ్లేయుల పాలనలో యావజ్జీవ ఖైదీల నుదుట వారి నేరమును పచ్చబొడిపించెడివారు. 1849లో ఆ శిక్ష రద్దయ్యెను. నేడు ఆ ముద్ర చర్మమును విడిచి గుర్తింపుకార్డుపైకి చేరినది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో లైంగికనేరములకు శిక్షపడినవారి పేర్లు ప్రభుత్వపుపట్టికలోనికి ఎక్కును. ఆ పట్టికలో పెక్కుభాగము ఎవరైనను చూడవచ్చును. కొన్ని రాష్ట్రములు అంతతో తృప్తినొందక, డ్రైవింగు లైసెన్సుపైననే ఆ సంగతిని అచ్చువేయించినవి. ఆ దేశమున లైసెన్సు బండి తోలుటకు మాత్రమే గాదు. బ్యాంకులో, హోటలులో, అంగడిలో మనిషి తానెవరో చూపుకొను పత్రమును అదియే. లూయిసియానాలో 'లైంగికనేరస్థుడు' అను మాటలు నారింజరంగు పెద్దయక్షరములతో ఉండెడివి. అలబామాలో అటువంటి మాటలే ఎఱ్ఱరంగుతో ఉండెడివి. ఫ్లోరిడా చట్టము రెండు తరగతులు చేసినది: మిక్కిలి ప్రమాదకరులని నిర్ణయింపబడినవారి కార్డుపై ఆ మాటనే వ్రాయును; తక్కినవారి కార్డుపై తెలిసినవారికి మాత్రమే అర్థమగు చట్టసంఖ్యను వేయును. 2016లో చేసిన మఱియొక చట్టము ననుసరించి, బాలలపై నేరము చేసి పట్టికలోనున్నవారి పాస్‌పోర్టులో ఆ సంగతి తెలుపు వాక్యమొకటి అచ్చగును.

ఈ చట్టములు క్రౌర్యమునుండి పుట్టినవని మేము చెప్పము. 1994లో న్యూజెర్సీ రాష్ట్రమున మేగన్ అను ఏడేండ్ల బాలికను ఎదురింటివాడు చెఱచి చంపెను. వానికి పూర్వమే ఇట్టి నేరములకు శిక్షపడినదని ఆ తల్లిదండ్రులకు తెలియదు. తెలిసియుండినచో బిడ్డ దక్కెడిదిగదా యని వారు విలపించిరి. ఆ దుఃఖమునుండియే 'మేగన్ చట్టము' పుట్టినది. బిడ్డలు గలవారెవరును ఆ దుఃఖమును తేలికగా తలపజాలరు.

మా పొరుగున నివసించు ఒక యిల్లాలు, ఇద్దఱాడపిల్లల తల్లి, ఈ కార్డుల సంగతి విని మమ్ము నిలదీసినది: "దొంగను దొంగయని వ్రాసిన తప్పేమండీ? మన దేశమునకు ఈపాటి తెలివి ఎన్నడు వచ్చును?" ఆమె కోపము న్యాయమైనది. మేము ఆమెను ఒక్కమాట అడిగితిమి: "అమ్మా, మీ గడపలో అడుగుపెట్టువారిలో ఎవరి కార్డును మీరు అడిగి చూచెదరు?" ఆమె కొంతసేపూరకుండి, "ఎవరిదియు చూడను. వచ్చువారందఱు మనవారేగదా" అనెను.

చిక్కంతయు ఆ 'మనవారు' అను మాటలోనే యున్నది. అమెరికా న్యాయశాఖకు చెందిన గణాంకసంస్థ 2000లో వెలువరించిన నివేదికను చూడుడు. పోలీసులకు తెలియవచ్చిన నేరములలో, బాలలను చెఱచినవారిలో ముక్కు మొగ మెఱుగనివారు నూటికి ఏడుగురు మాత్రమే. తక్కినవారు చుట్టములు, పరిచితులు. మన దేశపు నేరగణాంకములును ఏటేట ఈ తీరునే చెప్పుచున్నవి. ఎఱ్ఱయక్షరముల కార్డు హోటలు గుమాస్తాకు కనబడును. వేసవిసెలవులకు వచ్చిన బంధువు నుదుట ఏమియు వ్రాసియుండదు. ఎన్నడును శిక్షపడనివానికి కార్డుపై ముద్ర యెట్లు పడును?

ఆ దేశపు న్యాయస్థానములును ఈ ముద్రను పరీక్షించినవి. 2019లో అలబామా చట్టమును ఒక ఫెడరల్ న్యాయమూర్తి కొట్టివేసెను. లూయిసియానాలో ఒకడు తన కార్డుపైని మాటలను గీకివేసి నేరారోపణకు గుఱి కాగా, 2020లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. ఒక మనుష్యునిచేత ప్రభుత్వము తన మాటను బలవంతముగా పలికింపరాదనియు, పోలీసుల యవసరమునకు చిన్న సంకేతము చాలుననియు ఆ తీర్పుల సారాంశము. నేరము తేలిక యని వారనలేదు. ఎవరికి తెలియవలెను, ఎంత తెలియవలెను అను రెండు ప్రశ్నలను వేఱుచేసి చూచిరి.

మన ప్రభుత్వము 2018లో లైంగికనేరస్థుల జాతీయపట్టికను ప్రారంభించినది. ప్రారంభమునాటికే నాలుగు లక్షలకు పైగా నమోదులు గల ఆ పట్టికను పోలీసు మున్నగు విచారణాధికారులు మాత్రమే చూడగలరు. దానిని బజారున పెట్టవలెననువారు తెలుగునాట జరిగినదొకటి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వర్తించిన పిమ్మట, గుంటూరుమండలమున స్టూవర్టుపురములో ఎఱుకలవారిని కాపలాలో నుంచి హాజరు పుచ్చుకొనెడివారు. వారిపై ముద్ర వేసినది పుట్టుక. ఇప్పుడు మేము చర్చించువారిపై వేసినది ఋజువైన నేరము. ఈ భేదమును మేము మఱవము. కాని 1952 నాటికి దేశమంతట ఆ చట్టము పోయినను, ఆ యూరిపేరు వినగానే కనుబొమ లెగురుట పోలేదు. ముద్ర వేయుటకు ఒక్క సంతకము చాలును. దానిని తుడుచుటకు తరములు పట్టును.

పైగా శిక్ష ముగించినవానికి పని, ఇల్లు, మంచివారి సాంగత్యము దొరకకున్న, వాడు తిరిగి పాపమునకు దూరముగా నుండుట సులభమగునా? వానిని కనిపెట్టియుండుట పోలీసుల విధి. వానిని ఎల్లెడల తఱుముట మన బిడ్డలకు రక్షణ కానేరదు.

మఱి గృహస్థులు చేయవలసిన దేమి? బిడ్డకు తన దేహమున ఎవరును తాకరాని చోటులు గలవని సిగ్గుపడక చెప్పవలెను. పెద్దవారైనను, పూజ్యులైనను, వలదనుటకు బిడ్డకు హక్కు కలదని నేర్పవలెను. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు "ఛీ, అట్లనకు, ఆయన మామయ్య" అని నోరు మూయరాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, ఇట్టి నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపకుండుటయే నేరము. ఆ చట్టమే బిడ్డ పేరు పత్రికల కెక్కకుండ కాపాడుచున్నది. 1098 అను టెలిఫోను నంబరు ఆపదలోని బిడ్డలకొఱకే యున్నది. దానిని ప్రతి బిడ్డయు కంఠస్థము చేయవలెను.

కుటుంబగౌరవమను పేర మనము దాచిన ప్రతి నేరస్థుడును ఏ ముద్రయు లేని కార్డుతో మఱియొక యింటి గడప దాటుచున్నాడు. పరదేశపు ఎఱ్ఱయక్షరములను కోరుటకు ముందు, మన యింటి బిడ్డ మాటను నమ్ముట నేర్చుకొందము.