పదహారు నెలలు

మా వూరి బడి రిజిస్టరులో నా పుట్టినతేదీ 1971 జూలై 1. నేను పుట్టింది మాత్రం 1972 నవంబరులో, కార్తీకమాసం నడుస్తుండగా. మధ్యనున్న పదహారు నెలల గురించి యింతవరకూ నేనెక్కడా రాయలేదు. సిగ్గుపడి కాదు. అది అబద్ధమని మా యింట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు, అంతే. నా యీడువాళ్ళ కాగితాలు తీసి చూడండి: కోనసీమలో సగం మంది జూన్, జూలై నెలల్లోనే పుట్టివుంటారు. అందుకు కారణం గ్రహాలు కావు, బడులు తెరిచే కాలం.

అయినవిల్లి దగ్గర గోదావరి లంక మాది. నాన్న కొబ్బరి దింపు కూలీ. అమ్మ నాట్లకూ కలుపులకూ పోయేది. నన్ను చూసుకోవలసింది అక్క. ఆమెకప్పుడు ఎనిమిదేళ్ళు. నన్ను చంకన వేసుకునే బడికి వచ్చేది. వూరికే కూర్చోబెట్టడం దేనికి, వీడి పేరు కూడా రాసేద్దామన్నారు మాస్టారు. ఒకటో తరగతికి అయిదేళ్ళు నిండాలి గనుక వెనక్కి లెక్కవేసి ఒక తేదీ రాశారు. నాకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. అక్క అయిదుతో ఆగిపోయింది. నేను ఆగలేదు.

నాన్న చదువుకోలేదుగాని ఒక నాటకం చూశాడు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారి 'పాలేరు'. పాలేరు కుర్రవాడు చదివి డిప్యూటీ కలెక్టరయ్యే కథ. దాన్ని విమర్శకులు ఏ తూకంతో తూస్తారో నాకు తెలియదు. మా లంకలో అది పిల్లల్ని బడికి తోలింది. మరి నన్ను కలెక్టరు కాకుండా డాక్టరు చేయాలని ఎందుకనుకున్నాడో నాన్నే చెప్పాలి. కాకినాడలో 1958 నుంచీ రంగరాయ వైద్య కళాశాల వుంది. గోదావరి దాటితే చాలునన్నట్టు మాట్లాడేవాడు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో వుండగా, 1986 ఆగస్టులో, ఆ గోదావరే మా యింట్లోకి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నీరు తీశాక భౌతికశాస్త్రం పుస్తకం ఎండబెడితే పేజీలు అతుక్కుపోయాయి. కొన్ని పాఠాలు యీనాటికీ నాకు రావు.

ఎంసెట్ కూడా ఆ ఏడే మొదలయింది. అంతకు మూడేళ్ళ ముందు, 1983లో, రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును చట్టం చేసి నిషేధించింది. సీటుకు సంచులు కట్టే రోజులు పోయి ర్యాంకు చూసి సీటిచ్చే రోజులు వచ్చాయి. దీన్ని నేను తక్కువ చేయను. దింపు కూలీ కొడుకు ఒక జాబితాలో ఆసామి కొడుకు పేరుకు పైన కనబడటం మా తాలూకాలో చిన్న సంగతి కాదు.

1988 వేసవిలో నేను ఆ పరీక్ష రాశాను. ముందురోజు ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి దిగి, అక్కడినుంచి బస్సులో కాకినాడ చేరాము. రాత్రి బస్టాండులోనే పడుకున్నాము. మర్నాడు గుమ్మం దగ్గర ఒకాయన నా హాల్‌టికెట్టు చూసి, నా నిక్కరు చూసి, నూనూగు మీసమైనా లేని ముఖం చూసి, "నీకు పదహారు దాటాయా?" అని అడిగాడు. వైద్యవిద్యకు ఆ డిసెంబరు ఆఖరుకు పదిహేడు నిండాలి. కాగితం మీద నిండుతాయి. నిజానికి నాకు పదిహేనున్నర. "ఆయ్, దాటాయండి" అన్నాను. ఆయన నవ్వి పంపేశాడు. లోపల చాలాసేపు ప్రశ్నలు కనబడలేదు. ఎవరో వచ్చి భుజం మీద చేయివేసి లేపేస్తారని ద్వారంకేసే చూస్తూ కూర్చున్నాను.

సీటు కొద్దిలో తప్పిపోయింది. నా పక్క బెంచీలో చదివిన ఆసామి కొడుకు ర్యాంకు నాకంటే చాలా వెనక. అతన్ని గుంటూరు పంపి ఏడాదిపాటు అదే చదువు మళ్ళీ చదివించారు. మరుసటేడు అతను డాక్టరీలో చేరాడు. అతని మీద నాకు కోపం లేదు, మంచి డాక్టరే అయ్యాడు. నాన్న నాతో అన్నది ఒక్క మాట: "ఇంకో ఏడాదంటే మనవల్ల కాదురా అబ్బాయ్."

యీ మాటను నేను చాలాకాలం నమిలాను. చట్టం గుమ్మం దగ్గర డబ్బును ఆపింది, నిజమే. కాని ఏడాది కాలాన్ని కూడా డబ్బు పెట్టే కొనాలని, అది కొన్నవాడు పరీక్షకు ఒక ఏడు పెద్దవాడై వస్తాడని, చట్టం చూడలేదు. నేను ఒక ఏడు చిన్నవాడినై వెళ్ళాను. ప్రశ్నపత్రం యిద్దరికీ ఒకటే. 2017 నుంచి మన రాష్ట్రంలో డాక్టరీకి నీట్. పదిహేడేళ్ళ నిబంధన అలాగే వుంది. పై వయోపరిమితిని మాత్రం 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లయినా రాయవచ్చునన్నమాట, తిండిపెట్టేవారుంటే.

నేను అమలాపురంలో డిగ్రీ చదివి ఉపాధ్యాయుణ్ణయ్యాను. నౌకరీలో చేరినప్పుడు రాసిన పుట్టినతేదీని తర్వాత మార్చరు. కాబట్టి 2033 జూన్ 30న నాకు అరవైరెండు నిండినట్టు లెక్కకట్టి పంపేస్తారు. ఆ పదహారు నెలల జీతం కూడా పోయినట్టే. మా మాస్టారు దయతో రాసిన తేదీ అది.

ఇప్పుడు ఆ దయకు వీలులేదు. 2023 అక్టోబరు తర్వాత పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. అంతకు ముందువారికి కూడా అది లేకుండా బడిలో తేదీ రాయడం అరుదే. తేదీలు నిజమయ్యాయి. తొందర మాత్రం మరో దారి వెతుక్కుంది. మొన్న అక్క మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు పదకొండేళ్ళు. విజయవాడ హాస్టల్లో వుంచి ఆరో తరగతి నుంచే 'ఫౌండేషన్' చెప్పిస్తారట. నీట్ యింకా దాదాపు ఏడేళ్ళుంది. చీటీపాట డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది, చాలనిది నన్ను వేయమంది.

"ఇంత చిన్నపిల్లనా అక్కా?" అన్నాను.

"నిన్ను చంకనేసుకుని బడికి తీసుకెళ్ళినప్పుడు నువ్వేమైనా పెద్దోడివిరా?" అంది. "నీకు చాలని ఏడాది దీనికి ముందే కొనిపెడుతున్నాను."

పిల్ల గుమ్మంలో కూర్చుని మా కుక్కతో ఆడుకుంటోంది. అక్క కొంగుముడి విప్పి నోట్లు నా బల్లమీద పెట్టింది. తనకు లెక్క తప్పుతుందని నన్ను లెక్కపెట్టమంది. లెక్కపెట్టాను.