ముక్కుపుడకకు తగిన కెమెరా

మొన్న శనివారం భోంచేసి అలా నడుం వాల్చానో లేదో, ఫోను. మా మేనల్లుడు. పెళ్లిచూపుల్లో పక్కగదిలోకి వచ్చి మాట్లాడుతున్నవాడిలా గొంతు తగ్గించి, "మావయ్యా, కోఠీలో కెమెరా కొట్లో ఉన్నాను. డెబ్భై వేలు తెచ్చుకున్నాను. కెమెరా, రెండు లెన్సులు, బ్యాగు, కార్డు, స్టాండు అన్నీ కలిపి ఇస్తానంటున్నాడు. తీసేసుకోనా?" అన్నాడు.

"ఏం తీద్దామనిరా?" అన్నాను.

అటు కాసేపు మాట లేదు. "అన్నీ" అన్నాడు.

ఈ 'అన్నీ' అనే మాటకి నా జేబు ఇదివరకే రెండుసార్లు చిల్లుపడింది. అందుకని వాణ్ణి ముందు కొట్లోంచి బయటికి వచ్చి ఓ చాయ్ తాగమన్నాను. ఫోను పెట్టేయకుండా వాడికి చెప్పిన కబుర్లే మీకూ చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. ఎవరూ లేరంటే ఆ ఒక్కడూ మీరేనన్నమాట.

మా ఇంటికి మొదట వచ్చిన కెమెరా ఆగ్ఫా క్లిక్ 3. రోలుకి 12 బొమ్మలు. ఎంచుకోవడానికి అందులో ఏముంది కనుక? మనుషుల్ని ఎండలో నిలబెట్టడం, సూర్యుణ్ణి మన వీపు వెనక్కి తెచ్చుకోవడం, ఊపిరి బిగబట్టి నొక్కడం. పన్నెండింట్లో ఒకటి నా బొటనవేలు, ఒకటి కళ్లు మూసుకున్న బాబాయి. మిగతా పదీ ఇప్పటికీ ఆల్బమ్‌లో ఉన్నాయి. ఇప్పుడు ఒక్క పూటకి ఆరువందలు కొట్టి, ఏది ఉంచాలో తేల్చుకోలేక ఆరువందలూ కంప్యూటర్‌లో పడేస్తున్నాం.

సరే, కాసేపు గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. సంక్రాంతికి వాడు తన ఫోనుతో వాళ్ల అమ్మమ్మని, అంటే మా అమ్మని, ఫొటో తీశాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇదేమిట్రా, నా ముక్కు బూరెలా ఉందీ?" అంది. పిల్లాడి మనసు చివుక్కుమంది. దాని ఫలితమే ఈ డెబ్భై వేలు.

నిజానికి ఆ బూరె ఫోను తప్పు కాదు, దూరం తప్పు. ఫోన్లలో అసలు కెమెరా వెడల్పుగా చూసే రకం, ఫిల్ము లెక్కలో చెప్పాలంటే 24, 26 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ముఖం తెరనిండా రావాలంటే అడుగున్నర దూరంలోకి వెళ్లి తీయాలి. అంత దగ్గరికి వెళితే చెవులకంటే ముక్కు బాగా ముందున్నట్టే లెక్క. ఐదారడుగులు వెనక్కి జరిగి, కాస్త పొడుగు లెన్సుతో తీస్తే ముక్కు తన చోటికి తాను వెళ్లిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సారు 36 గుణించు 24 మిల్లీమీటర్లు. మనబోటివాళ్లు కొనే ఏపీఎస్-సీ రకంలో అది సుమారు 23.5 గుణించు 15.6. కేనన్‌వాళ్లది ఇంకొంచెం చిన్నది. చిన్న సెన్సారు మీద 50 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 75, 80 పెట్టినట్టు కనపడుతుంది. ముఖాలకి ఇంతకంటే హాయైన కొలత లేదు.

ఆ 50 లెన్సులో ఎఫ్ 1.8 రకం ఒకటి ఉంటుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది. దాదాపు ప్రతి కంపెనీ చేస్తుంది, చవక లెన్సుల్లో ఇదొకటి. కొట్టువాడు మాత్రం దాని మాట ఎత్తడు. వాడిచ్చే 18-55 లెన్సుని 55 దగ్గరికి లాగితే ఎఫ్ 5.6కి పడిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య వెలుతురు తేడా ఎంతనుకున్నారు? దాదాపు పదింతలు. సాయంత్రం ఏడింటికి మన ముందుగదిలో ఒక్క ట్యూబ్‌లైటు కింద తీసేవాడికి పదింతల వెలుతురంటే దీపావళే. ఇంట్లోవాళ్లని తీసేవాడు కెమెరా బాడీ మీద పదివేలు తగ్గించుకుని ఈ లెన్సు కొనుక్కోవాలని నా మాట. దీనిమీద ఎవరితోనైనా పోట్లాడతాను.

ఇక ఆ రెండో లెన్సు, పొడుగాటిది. "దాంతో పిట్టల్ని తీస్తాను మావయ్యా" అన్నాడు. "ఇప్పటిదాకా ఎన్ని పిట్టల్ని చూశావు?" అంటే, బాల్కనీలో పావురాలున్నాయట. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి వెళితే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి పక్కనే చెట్లమీద కాపురముంటాయి. అక్కడ 300 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది, చిన్న సెన్సారు మీద అదే 450. కొల్లేరులో నీళ్లకి అవతల ఉన్న పిట్టకి మాత్రం అది చాలదు. ముందు ఓసారి ఉప్పలపాడు వెళ్లి ఊరికే చూసి రారా, మళ్లీ వెళ్లాలనిపిస్తే అప్పుడు కొందువుగాని అన్నాను.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట. కరిజ్మా ఆల్బమ్‌లో 12 గుణించు 18 అంగుళాల పేజీ నిండుగా అచ్చు వేయించినా 20 మెగాపిక్సెళ్లు చాలు. ఇప్పుడొచ్చే వాటిలో చాలామటుకు 24 ఉండనే ఉన్నాయి. ఇంకేం కావాలి?

బరువు సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ గాజుపలకల మీద ఫొటోలు తీసేవాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టింది 1880లలో. ఆ సరంజామా మోయడానికి ఆయన దగ్గర మనుషులుండేవాళ్లు. మనకి మన మెడే దిక్కు. తిరుపతి మెట్లెక్కేటప్పుడు రెండు కిలోల బ్యాగు వెయ్యో మెట్టు దగ్గర ఎవరి భుజం మీద ఉంటుందో మీ శ్రీమతిని అడగండి. నా ఇదివరకటి పెద్ద కెమెరా బీరువాలో పట్టుచీరల పక్కన ఆరేళ్లు విశ్రాంతి తీసుకుంది. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు ఆ విషయంలో నయం, తేలిగ్గా ఉంటాయి. కాకపోతే వాటి తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కాబట్టి బ్యాటరీని కొబ్బరినీళ్లలా తాగేస్తాయి. రెండో బ్యాటరీ కెమెరాతోపాటే కొనాలి.

వీడియో దగ్గరికి వద్దాం. ఇక్కడ నా కథ ఒకటుంది.

2008లో కేనన్ 5డి మార్క్ 2 వచ్చాక ఫొటో కెమెరాతో సినిమా తీయొచ్చని లోకానికి తెలిసింది. 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని కేనన్ 5డి కెమెరాలతో ఐదంటే ఐదు రోజుల్లో తీసేశాడు. అది చూసి మాకూ ధైర్యం వచ్చింది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వీడియోవాణ్ణి పిలవలేదు. డల్లాస్ నుంచి తమ్ముడు కొత్త కెమెరా తెచ్చాడు, స్టాండు మీద పెట్టి రెండు గంటలు తీశాం. రాత్రి టీవీకి తగిలించి చూస్తే, బొమ్మ మీద నల్లటి పట్టీలు కిందినుంచి పైకి, గోడమీద బల్లుల్లా పాకుతున్నాయి. మొదలు నుంచి చివరిదాకా అదే వరస.

కెమెరా పాడైందనుకుని తమ్ముడు డీలాపడిపోయాడు. పాడవలేదు, పాపం, దాని అలవాటు అమెరికా కరెంటు మీద ఉంది. అక్కడ కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనది 50. మన ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతూ ఉంటుంది. కంటికి తెలియదు గాని, షట్టరు సెకనులో 60వ వంతు మీద ఉన్న కెమెరాకి బాగా తెలుస్తుంది. మెనూలో ఎన్‌టీఎస్‌సీ అని ఉన్నదాన్ని పాల్‌కి మార్చి, సెకనుకి 25 ఫ్రేములు పెట్టి, షట్టరుని 50వ వంతుకి కట్టేస్తే బల్లులు మాయం. అర నిమిషం పని. ఆ అర నిమిషం సంగతి మాకు ఫంక్షన్ అయిన వారానికి తెలిసింది. ఇంకో ముక్క, పట్టపగలు ఎండలో షట్టరుని ఆ 50 దగ్గరే ఉంచాలంటే లెన్సుకి నల్లకళ్లజోడు పెట్టాలి. దాన్ని ఎన్‌డీ ఫిల్టరు అంటారు.

బల్లుల్ని భరించొచ్చు. భరించలేనిది ధ్వని. ఆ రోజు మా అమ్మ మంగళహారతి పాడింది, గొంతు అప్పటికింకా గట్టిగా ఉంది. కెమెరా ఇరవై అడుగుల దూరంలో ఉంది. వీడియోలో వినపడేది ఫ్యాను, దాని కింద కెమెరా పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు. పులిహోరలో ఉప్పు చాలలేదని ఒకావిడ, ఇంగువ ఎక్కువైందని ఇంకొకావిడ. హారతి పెదాల మీదే ఉంది. ఇప్పుడు అమ్మని మళ్లీ పాడమంటే రెండో చరణానికి ఆయాసం వస్తుంది. అందుకే వీడియో తీస్తానన్న ప్రతివాడికీ చెబుతున్నాను, కెమెరా ఏదైనా సరే, ముందు ఓ వైర్‌లెస్ కాలర్ మైకు కొనుక్కోండి. నోటికి జానెడు దూరంలో మైకు ఉంటే ఫోను వీడియో కూడా వినబుద్ధేస్తుంది.

కార్డు విషయంలో కక్కుర్తి వద్దు. 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే 64 జీబీ కార్డు గంటన్నర లోపే నిండిపోతుంది. కొట్టువాడు ఊరికే ఇచ్చే కార్డు మీద వీడియో వేగం గుర్తు వి30 ఉందో లేదో చూడండి. లేకపోతే ఫొటోలకి వాడుకోండి.

చాయ్ అయిపోయింది, వీడు పక్కన సెకండ్‌హ్యాండ్ కొట్టు చూశాడు. "తీసుకోవచ్చా?" నిక్షేపంలా. జనం మిర్రర్‌లెస్‌కి ఎగబడుతున్నారు కాబట్టి లోపల అద్దం ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు మంచివి చవగ్గా దిగివస్తున్నాయి. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి. చాలా కెమెరాల షట్టరు లక్ష, లక్షన్నర దెబ్బలకి తట్టుకునేలా చేస్తారు. పెళ్లిళ్లలో తిరిగిన కెమెరా అయితే ఆ లెక్క ఎప్పుడో దాటేసి ఉంటుంది. లెన్సుని ఎత్తి వెనకనుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనపడ్డాయా, దండం పెట్టి వచ్చేయాలి. అది ఫంగసు.

ఆ పోగుల్ని నేను గుర్తుపట్టేది ఎలాగనుకున్నారు? మాది కాకినాడ. సముద్రపుగాలికి ఇంట్లో ఉప్పే నీరవుతుంది. కెమెరాని అపురూపంగా తోలు కేసులో పెట్టి, దాన్ని బీరువాలో పెట్టి, బీరువాకి తాళం వేశాను. ఇందాక చెప్పిన ఆ ఆరేళ్లలో లోపల తెల్లటి నూగు మొలిచింది. తోలు చెమ్మ పీలుస్తుందనీ, బూజుకి చీకటి ఇష్టమనీ అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ సంచీలు వేసి, పక్కన తేమ కొలిచే చిన్న మీటరు పెట్టాను. 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. వినకండి, తవుడు లెన్సులోకి పోతుంది.

చివరికి మావాడు ఆ రెండు లెన్సుల మూట వదిలేశాడు. పదహారు వేలసార్లు కొట్టిన సెకండ్‌హ్యాండ్ మిర్రర్‌లెస్ ఒకటి, 18-55 ఒకటి, ఎఫ్ 1.8 ఉన్న 50 ఒకటి, రెండు బ్యాటరీలు, కాలర్ మైకు తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో రైలెక్కి ఆదివారం పొద్దున్నే కాకినాడలో దిగాడు.

సాయంత్రం అమ్మని ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఆరడుగుల అవతల నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎఫ్ 1.8 దగ్గర పెట్టి, కంటిమీద ఫోకస్ చేసి నొక్కాడు. వెనకాల గోడ క్యాలెండరు కరిగి రంగులైపోయింది. అమ్మ కళ్లు నీళ్లలో దీపాల్లా ఉన్నాయి. ముక్కు ముక్కులాగే ఉంది. వాడి మొహం వెలిగిపోయింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగానే ఉందిరా. నా ముక్కుపుడకేదీ?"

పుడక ఉంది, కాని మసకబారి ఉంది. ఎఫ్ 1.8 దగ్గర కంటికి పదునొస్తే ముక్కుకొన మసకవుతుంది, లెన్సు లక్షణం అది. వాళ్ల తాతయ్య చేయించిన ఏడు రాళ్ల పుడక మరి, ఒప్పుకుంటుందా! రాళ్లు లెక్కకి రావాలంటే ఎఫ్ 4కి వెళ్లాలిరా అన్నాను. అంటే ఐదింతల వెలుతురు కావాలి, ఈ ట్యూబ్‌లైటు వల్ల కాదు.

"అమ్మమ్మా, రేపు పొద్దున్న ఎనిమిదింటికి అరుగు మీద కూర్చుంటావా? నీరెండ బాగుంటుంది" అన్నాడు.

"ఎనిమిదింటికి నేను పూజలో ఉంటాను" అంది అమ్మ. "తొమ్మిదింటికి రా. ఆ బులుగు చీర ఇస్త్రీ చేయించి ఉంచు."