ఉక్కపోత



"ఉక్కపోత" అనే మాట మీకు తెలుసా? గుడిలో తెలుగు నేర్చుకున్నప్పుడు మాకు ఎండ, వాన, చలి నేర్పారు. ఈ మాట నేర్పలేదు. గాలి ఆడక, ఒళ్లంతా చెమట పట్టి, ఊపిరి బరువెక్కితే దాన్ని ఉక్కపోత అంటారు. నేను దాన్ని మా అమ్మ నోట విన్నాను. అదీ మా ఊళ్లో కాదు, జర్మనీలో, కదలకుండా నిలబడిన ఒక విమానంలో.

నేను మారిషస్‌లో బడి పంతులమ్మను. వయసు యాభై ఆరు. ఇంట్లో మాది క్రియోల్ భాష. తెలుగు మాత్రం శనివారం సాయంత్రాల్లో గుడి వెనక గదిలో, పలక మీద నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా అన్నయ్య కుటుంబం మ్యూనిక్‌లో ఉంటుంది. రెండేళ్ల క్రితం జూలైలో అమ్మను తీసుకుని వెళ్లాను. అమ్మకు అప్పుడు ఎనభై ఒకటి. తిరుగు ప్రయాణంలో జర్మనీలోనే మరో ఊళ్లో విమానం ఎక్కాలి. ఆ ఊరి పేరు, ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. బస్సులో తీసుకెళ్లి, దూరంగా ఎండలో నిలిపిన విమానం ఎక్కించారు. పెద్దవాళ్లు ముందు ఎక్కాలన్నారు కాబట్టి మేమే ముందు కూర్చున్నాం. తర్వాత దాదాపు యాభై నిమిషాలు విమానం కదల్లేదు. పైనున్న చిన్న గాలి రంధ్రాలు తిప్పి చూశాను. ఏమీ రాలేదు.

అమ్మ ముఖం ఎర్రబడింది. కళ్లు మూసుకుని, "అమ్మాయీ, ఉక్కపోస్తోందే" అంది. అమ్మ నాతో తెలుగులో మాట్లాడి ఎన్నో ఏళ్లయింది. ఆ మాట వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చిందట.

మరి నేనేం చేశాను? ఏమీ చేయలేదు. అందరూ ఓర్చుకుంటున్నారు కదా, మనమెందుకు అడగాలి అనుకున్నాను. చేతిలోని కాగితంతో విసురుతూ కూర్చున్నాను. అమ్మ తల పక్కకు వాలిపోయాక గానీ పిలిచే బటన్ నొక్కలేదు. విమానంలో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. తడిగుడ్డ, నీళ్లు ఇచ్చి, అమ్మను తెరిచి ఉన్న తలుపు దగ్గర కూర్చోబెట్టింది. అమ్మ తేరుకుంది. "ముందే చెప్పాల్సింది" అంది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు. కానీ ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ ఏడాది మళ్లీ మ్యూనిక్ వెళ్లాం. మా మేనల్లుడు విమానాల మరమ్మతు పనిలో ఉన్నాడు. వంటింట్లో కూర్చుని ఒక కాగితం మీద బొమ్మ గీసి నాకు పాఠం చెప్పాడు. వాడు క్రియోల్‌లో, జర్మన్ కలిపి చెప్పినదాన్ని మీకు తెలుగులో చెబుతాను.

"అత్తా, ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. విమానంలో 180 మంది ఉంటే 18 కిలోవాట్లు. అంటే రెండు కిలోవాట్ల హీటర్లు తొమ్మిది పెట్టినట్టే. పైన ఎండ వేరే ఉంటుంది."

ఎగిరేటప్పుడు పెద్ద ఇంజన్లు నడుస్తాయి కాబట్టి గాలికి కొదవ లేదు. నేల మీద అవి ఆగి ఉంటాయి. అప్పుడు తోక చివరన ఉన్న చిన్న ఇంజన్ కరెంటునూ గాలినీ ఇస్తుంది. కానీ దానికి గంటకు సుమారు 100 కిలోలో, ఇంకా ఎక్కువో ఇంధనం కావాలి. చప్పుడు, పొగ కూడా ఎక్కువే. అందుకే చాలా విమానాశ్రయాల్లో దాన్ని ఎక్కువసేపు నడపనివ్వరు.

దాని బదులు టెర్మినల్ నుంచే కరెంటు తీగ ఇస్తారు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. విమానానికి 115 వోల్టులు, 400 హెర్ట్జ్ కావాలి. ఇంకో లావుపాటి గొట్టాన్ని విమానం పొట్ట కింద తగిలిస్తారు. దాంట్లోంచి ఎండాకాలం చల్లగాలి, చలికాలం వెచ్చటి గాలి వెళుతుంది. మ్యూనిక్‌లో టెర్మినల్‌ను ఆనుకుని నిలిచే విమానాలకు ఈ ఏర్పాటు ఉంది. దూరంగా నిలిపే చోట గొట్టం లేకపోయి, తోకలోని ఇంజన్ కూడా పాడైతే, గాలి బండి వచ్చేదాకా ఉక్కపోతే. మాకు జరిగింది అదే అయి ఉంటుందన్నాడు.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక నియమం చేసింది. దాని ప్రకారం ప్రధాన విమానాశ్రయాల్లో టెర్మినల్ పక్కన నిలిచే విమానాలకు 2025 మొదలయ్యేసరికి, దూరంగా నిలిచేవాటికి 2030 మొదలయ్యేసరికి నేల నుంచే కరెంటు అందాలి.

బొమ్మలో ఆ గొట్టం చూడగానే నాకు మన ఓడలు గుర్తొచ్చాయి. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ మనవాళ్లను మారిషస్‌కు తెచ్చింది. కోరంగి రేవు పేరు మీదే మా దేశంలో తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. ఆ కాలపు ఓడల్లో కింది అంతస్తుకు గాలి పంపడానికి తెరచాప గుడ్డతో గొట్టం కుట్టి, పై నుంచి వేలాడదీసేవారు. తుఫాను వస్తే దాన్ని తీసేసి, పై తలుపులు మూసేవారు. కింద ఉన్నవాళ్లు ఎవరిని అడగగలరు? ఆ ఓర్పు వాళ్లకు తప్పనిది. నాకు అలాంటి అవసరం లేదు. అయినా అదే ఓర్పుతో కూర్చుని, అమ్మను కష్టపెట్టాను.

తిరిగి వచ్చేరోజు మ్యూనిక్‌లో గేటు దగ్గర అద్దంలోంచి చూశాను. విమానం పొట్ట కింద పసుపు గొట్టం ఉబ్బి ఉంది. చెవులకు రక్షణ పెట్టుకున్న ఒక మనిషి దాన్ని సరిచూసి వెళ్లిపోయాడు. పైన కూర్చునేవాళ్లెవరూ అతన్ని చూడరు.

ఈసారి నేను గేటు దగ్గరే అడిగాను: "మా అమ్మకు వేడి పడదు. మేము చివర ఎక్కవచ్చా?" "తప్పకుండా" అన్నారు. అంతే, ఒక్క మాట!

మీ పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు మీరూ ఇవి గుర్తుంచుకోండి. ఎండరోజున చివర ఎక్కండి. కిటికీ తెర దించండి. గాలి రంధ్రాల నుంచి తెల్లటి ఆవిరి వస్తే భయపడకండి. అది పొగ కాదు. తేమగాలికి చల్లగాలి తగిలి పుట్టిన మంచు. ఇంజన్లు మొదలుపెట్టేటప్పుడు గాలి కాసేపు ఆగుతుంది. అదీ మామూలే. కానీ చాలాసేపు గాలి రాకపోతే ఊరుకోకండి. బటన్ నొక్కండి.

ఆ రోజు విమానంలో చల్లగా ఉంది. అమ్మ శాలువా కప్పుకుంది. "ఇప్పుడెలా ఉందమ్మా?" అని తెలుగులో అడిగాను. కాసేపు వెతుక్కుని, "చలేస్తోందే" అని నవ్వింది.

వెంటనే బటన్ నొక్కి ఇంకో దుప్పటి అడిగాను.