అక్కచెల్లెళ్ళు ఎంతమందండి?



ఇల్లు కొనబోయే విశ్వాసి ప్రార్థన కోసం పాస్టరు దగ్గరకు వచ్చేసరికే, బ్రోకరు దగ్గరకు రెండు మూడుసార్లు వెళ్ళివచ్చి ఉంటాడు. ఈ సంగతి తెలియడానికి మాకు చాలాకాలము పట్టినది. తెలిసిన తర్వాత కొంత చిన్నతనముగా కూడ అనిపించినది. కుటుంబమునకు సంబంధించిన సంగతులు ముందు మాకే తెలుస్తాయని మా అతిశయము. అయితే ఏ ఇంట్లో అన్నదమ్ములు విడిపోబోతున్నారో, ఏ ఇంట్లో అప్పు మెడవరకు వచ్చినదో, ఎవరి కూతురి పెళ్ళికి స్థలము అమ్ముడుపోనున్నదో, అవన్నీ మా సంఘములోనే ఉన్న ఒక సహోదరునికి మాకంటె ముందు తెలుస్తాయి. ఆయన బ్రోకరు. మేము తమ్ముడూ అని పిలుస్తాము.

మా ఊరు అన్నవరము. గోదావరి జిల్లా అనగానే కాలువలు, కొబ్బరితోటలు తలంపుకు తెచ్చుకొనేవారు ఇక్కడికి వచ్చి చూస్తే మెట్ట నేల, ప్రక్కన రత్నగిరి కొండ, దాని క్రింద పంపానది కనబడతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మేము కాకినాడ జిల్లాలోనికి వచ్చాము. పూర్వము 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు అయిన జాతీయ రహదారి ఒకవైపు, మద్రాసు–హౌరా రైలుమార్గము ఒకవైపు. కొండమీది సత్యనారాయణస్వామి వ్రతములకు వచ్చే యాత్రికులతోనే ఊరు బ్రతుకుతున్నది. మన విశ్వాసులలో ఆటోలు నడిపేవారున్నారు, సత్రములలో, లాడ్జీలలో పని చేసేవారున్నారు. అందుచేత ఇక్కడ ఇంటి బేరములకు కూడ ఊరి కాలెండరే కాలెండరు. కార్తీకములో ఎవరికీ తీరిక ఉండదు. ఆషాఢములో, మూఢములో ఎవరూ అడ్వాన్సు పుచ్చుకోరు.

"మరి మనవారు?" అని ఒకసారి అడిగాము.

"మనోళ్ళకీ అంతేనండి అయ్యగారూ. మూఢమని అనరు, ఈ నెల వద్దులెండి అంటారు. ఈశాన్యం చూస్తారండి. నమ్మకం లేదు గానీ, రేపు మళ్ళీ అమ్మాలంటే రేటు రాదు గదా అంటారు."

ఆ మాటకు నవ్వాలో ఏడ్వాలో మాకు తెలియలేదు. ఎవరెవరని అడిగితే మాత్రము చెప్పలేదు. తన వృత్తిలో అది మొదటి నియమమట.

ఆ తమ్ముడు ఇల్లు చూపే పద్ధతి వేరు. గదులు చివర చూపిస్తాడు. ముందు బావిలోనుండి గాని బోరులోనుండి గాని నీళ్ళు తోడించి కొనేవారిచేత త్రాగిస్తాడు. వానాకాలములో వీధిలో నీరు ఎక్కడ నిలబడుతుందో గోడమీది మరక చూపి చెబుతాడు. దారి ఎవరి స్థలములోనుండి వస్తున్నది, అది కాగితములో ఉన్నదా, నోటిమాటేనా అని అడుగుతాడు. ఆ తర్వాత ప్రక్కింటి అరుగుమీద కూర్చుండి మంచినీళ్ళు అడుగుతాడు. ఆ నీళ్ళు ఎలా ఇచ్చారో చూస్తే సగము సంగతి తెలిసిపోతుందంటాడు. మందిరము ప్రక్క ఇల్లు అంటే మన విశ్వాసులే "కొంచెం దూరంగా ఏదైనా ఉందా" అని అడుగుతారని, తెల్లవారుజాము మైకే దానికి కారణమని కూడ ఆయన ద్వారానే మాకు తెలిసినది. మేము శబ్దము తగ్గించాము. పెద్దలలో ఇద్దరికి అది ఇష్టము లేదు.

అన్నిటికంటె కష్టమైనది ఒకటున్నది. ఏ వీధిలో ఎవరు ఎవరికి అమ్మరో ఆయనకు తెలుసు. ఎక్కడా వ్రాసి ఉండదు. పేటలో పుట్టిన మన యౌవనస్థుడు ఉద్యోగము సంపాదించుకొని, బ్యాంకు లోను కూడ పెట్టుకొని, ఊరిలో ఫలానా వీధిలో ఇల్లు కావాలంటే, ఈయన మరొక ఇల్లు చూపిస్తాడు. అది న్యాయమేనా అని మేము గద్దించాము. "తీసుకెళ్ళి గుమ్మంలో అవమానం చేయించమంటారా, తీసుకెళ్ళకుండా ఊరుకోమంటారా, మీరే చెప్పండి అయ్యగారూ" అన్నాడు. మేము ఇంతవరకు జవాబు చెప్పలేకపోయాము.

ఇక మా తప్పు సంగతి.

మా సంఘములో ఒక విధవరాలు ఇంటిపనికి కువైట్ వెళ్ళి పది సంవత్సరములు కష్టపడి 2019లో తిరిగి వచ్చినది. పిల్లలను తల్లి దగ్గర విడిచి వెళ్ళినది. వచ్చేటప్పటికి పెద్దవాడు ఆమెకంటె ఎత్తు ఎదిగి ఉన్నాడు. సొంత ఇల్లు ఒక్కటే ఆమె కోరిక. అదే సమయములో మందిరమునకు ఆనుకొని ఉన్న మూడు సెంట్ల పెంకుటిల్లు అమ్మకమునకు వచ్చినది. అది నిద్రించిన ఒక సంఘపెద్దది. ఆయన భార్య కూడ ప్రభువు పిలుపు అందుకొన్నది. కుమారుడు అందులో ఉంటున్నాడు, కూతురి పెళ్ళికి డబ్బు అవసరము పడినది. మా ఆశ ఏమిటంటే ఆ ఇల్లు సంఘమువారి చేతిలోనే ఉండవలెను. పూర్వము కెనడా బాప్తిస్తు మిషనరీలు కాకినాడ, తుని, పిఠాపురము ప్రాంతములలో పని చేసిన కాలములో విశ్వాసులు మందిరము చుట్టూ కలిసి ఉండేవారని పెద్దలు చెప్పగా విన్నాము. ఆ కోరిక మంచిదే. మేము తొందరపడినదే మంచిది కాదు.

ధర 11 లక్షలు. మేమే మధ్య కూర్చున్నాము. బ్రోకరు ఎందుకు, ఇద్దరూ మనవారే, కమీషను ఎందుకు దండగ అన్నాము. ఆమె 6 లక్షలు ఇచ్చినది. వంద రూపాయల స్టాంపు కాగితముమీద ఒప్పందము వ్రాసుకొన్నారు. సాక్షిగా మేము సంతకము చేశాము. తండ్రి పేర 1984లో రిజిస్టరైన దస్తావేజు ఉన్నది. 30 సంవత్సరములకు ఈసీ తీయిస్తే తాకట్టు గాని అమ్మకము గాని ఏమీ లేదని వచ్చినది. ఇంకేమి కావాలి అనుకొన్నాము.

తర్వాతి ఆదివారము మందిరపు గేటు దగ్గర ఆ తమ్ముడు మమ్మల్ని ప్రక్కకు పిలిచి ఒకే మాట అడిగాడు. "ఆయనకు అక్కచెల్లెళ్ళు ఎంతమందండి?"

"ఇద్దరు. పెళ్ళిళ్ళు చేసి పంపేశారు. కట్నములిచ్చారు."

"ఇచ్చినట్టు, వాటా వదులుకున్నట్టు కాగితం ఉందాండి?"

"నీకు కమీషను రాలేదని ఇదంతా చెబుతున్నావా తమ్ముడూ?" అన్నాము. ఆ మాట ఈనాటికీ మా నోటిలో చేదుగా ఉన్నది. ఆయన ఏమీ అనకుండా చెప్పులు తొడుగుకొని వెళ్ళిపోయాడు.

నెల తిరగక ముందే ఆ ఇంటి పెద్ద కుమార్తె వచ్చినది. ఆరాధన ముగిసేవరకు వెనుక చాపమీద కూర్చుండి, అందరూ వెళ్ళిన తర్వాత మా దగ్గరకు వచ్చినది. "అయ్యగారూ, నేను ఇక్కడే సండేస్కూలు చదువుకున్నాను. మా నాన్న ఇల్లు అమ్మేటప్పుడు మేమిద్దరం మీకు గుర్తు రాలేదాండి?" అన్నది. కేకలు వేయలేదు. కేకలు వేసి ఉంటే మాకు సులభముగా ఉండేది. ఆ సంవత్సరమే స్త్రీల ఆదివారమునాడు మేము సెలోపెహాదు కుమార్తెలను గూర్చి ప్రసంగించి ఉన్నాము. కుమారులు లేని తండ్రి స్వాస్థ్యము కొరకు ఆ అయిదుగురు మోషే యెదుట నిలువబడిన సంగతి మంచిగా చెప్పామని పలువురు అన్నారు కూడ.

చట్టము ఏమి చెబుతున్నదో అప్పుడు తెలుసుకొన్నాము. వీలునామా లేకుండా క్రైస్తవుడు మరణిస్తే 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. భార్య ఉంటే ఆమెకు మూడవ వంతు, మిగిలినది పిల్లలందరికి సమానముగా. కొడుకని, కూతురని భేదము లేదు. మనలో కొందరి రికార్డులు వేరుగా ఉంటాయని మాకు తెలుసు. అయినను 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము కూడ తండ్రి స్వార్జితములో కూతురికి కొడుకుతో సమానమైన భాగమే. కట్నము ఇచ్చినంత మాత్రాన ఆ భాగము పోదు. ఆ ఇంటిలో అన్న అమ్మగలిగినది మూడవ వంతు మాత్రమే. మేము సాక్షి సంతకము చేసినది మొత్తమునకు.

మరి ఈసీ? సిగ్గు విడిచి తమ్ముని దగ్గరకు వెళ్ళి అడిగాము. "ఈసీలో రిజిస్టరయినవే కనబడతాయండి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు కనబడరు" అన్నాడు. పుట్టినవారి సంగతి తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టులో ఉంటుందట, అది లేకుండా చనిపోయినవారి ఆస్తికి ఆయన బేరమే మొదలుపెట్టడట. మరికొన్ని కూడ చెప్పాడు. ప్రభుత్వము పేదలకిచ్చిన డి-పట్టా స్థలములు చూపి ఎవరైనా తక్కువ ధర చెబితే, 1977 నాటి చట్టము ప్రకారము అవి ఇష్టము వచ్చినట్టు చేతులు మారరాదు, తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా ముందు ఆఫీసులో అడగవలెను. దేవస్థానపు భూములు నిషేధ జాబితాలో ఉన్నాయేమో మా వంటి ఊరిలో తప్పక చూడవలెను. 2016లో వచ్చిన రెరా చట్టము క్రొత్త లేఔట్లకు, అపార్టుమెంట్లకు గాని, పేటలోని పాత పెంకుటింటికి రక్షణ ఇవ్వదు. రిజిస్ట్రేషను ఖర్చు నూటికి ఏడున్నర వరకు అవుతుంది, అది మిగుల్చుకొందామని తెల్లకాగితముతో ఆగిపోయినవారే తర్వాత ఏడుస్తారు.

విశ్వాసికి కాగితములెందుకు అనే మాట మేము కూడ వాడినవారమే. యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము అప్పుడు మళ్ళీ తీసి చదివాము. పట్టణము ముట్టడిలో ఉన్నది, తాను చెరసాలలో ఉన్నాడు. అయినను అనాతోతులోని పొలము కొనునప్పుడు ప్రవక్త 17 తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షులచేత సంతకములు చేయించి, ముద్ర వేసినది ఒకటి, వేయనిది ఒకటి రెండు ప్రతులను మట్టికుండలో భద్రము చేయించాడు. మేమైతే తీరికగా కూర్చుండి కూడ ఆ పాటి జాగ్రత్త పడలేదు.

కువైట్ నుండి వచ్చిన ఆ సహోదరి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అయితే రెండు ఆదివారములు మందిరమునకు రాలేదు. అన్న చేతిలో ఆ 6 లక్షలు లేవు. పెళ్ళికి ఖర్చయిపోయినవి.

ఎవరూ అడగకుండానే తమ్ముడు తన మోటారు సైకిలుమీద పెద్దామె ఊరికి మూడుసార్లు, చిన్నామె ఊరికి రెండుసార్లు తిరిగాడు. ఒకసారి మేము కూడ వెనుక కూర్చుండి వెళ్ళాము. ఆయన ఎక్కువగా మాట్లాడలేదు. ఆ కువైట్ ఆమె పిల్లలు ఎక్కడ పెరిగారో చెప్పాడు. కోర్టుకు వెళ్తే ఎన్ని సంవత్సరములు పడుతుందో చెప్పాడు. అమ్మవద్దని గాని, తగ్గించుకొమ్మని గాని ఒక్కసారి కూడ అనలేదు. చివరకు మిగిలిన 5 లక్షలలో అక్కచెల్లెళ్ళు చెరి రెండు లక్షలు, అన్న ఒక లక్ష తీసుకొని, ముగ్గురూ అమ్మకందారులుగా సంతకములు చేయుటకు ఒప్పుకొన్నారు.

సంఘములో సమాధానము కలిగినదని మేము ఆ వారము స్తుతి చెల్లించాము. ఇంటికి వచ్చి లెక్క వేస్తే, 11 లక్షలలో ఒక్కొక్క కూతురి భాగము మూడు లక్షల అరవై ఆరు వేలు పైచిలుకు. అంటే చెరి లక్షన్నర పైన వదులుకొన్నారు. మేము సమాధానము అని పిలిచినది వారి చేతులలోనుండి పోయినది. అన్న తన వాటాకు మించి పుచ్చుకొన్నది ఇంతవరకు వారికి ఇవ్వలేదు. ఈ మాట ఆయనతో మేము రెండుసార్లు మాట్లాడాము, మళ్ళీ మాట్లాడవలసి ఉన్నది.

రిజిస్ట్రారు ఆఫీసుకు అందరము వెళ్ళిన రోజున పెద్దామె ఒక సంచి తెచ్చుకొన్నది. దారిలో ఆ ఇంటి దగ్గర ఆగి, పెరటిలో తల్లి వేసిన కరివేపాకు చెట్టు మొదట మొలిచిన పిలక ఒకటి మట్టితో పెకలించి అందులో పెట్టుకొన్నది. కొనే ఆమె తానే పార తెచ్చి ఇచ్చి, "క్రిస్మస్‌కి ఇక్కడికే రండి వదినా, పుట్టిల్లు ఎక్కడికీ పోలేదు" అన్నది. ఆమె తల ఊపినది గాని వస్తానని అనలేదు.

ఆఫీసులో వ్రేలిముద్రలు, ఫోటోలు అయినవి. సాక్షులు ఇద్దరు కావాలన్నారు. తమ్ముడు దస్తావేజు మా చేతిలో పెట్టి, పెన్ను మాత్రము తన దగ్గరే ఉంచుకొన్నాడు.

"ఈసారి చదివి పెట్టండి అయ్యగారూ."

చదివాము. పేటలో ఇంటిని గుర్తుపట్టేది హద్దులను బట్టి, హద్దులంటే పొరుగువారి పేర్లే అని అంతవరకు మేము గమనించలేదు. తూర్పున ఎవరి ఇల్లు, దక్షిణమున ఎవరి గోడ, ఉత్తరమున ఏ వీధి, అన్నీ వరుసగా వ్రాసి ఉన్నవి. పడమర హద్దు అని ఉన్నచోట ప్రార్థన మందిరము అని ఉన్నది. వెనుక వరుసలో నిలుచున్నవారు విసుగుకొనుచుండగా చివరి పుట వరకు చదివి, పెన్ను అడిగి తీసుకొన్నాము.