సీసం వెలకు దక్కిన ఆలయం

ఇంగ్లాండులో సెవర్న్, ఏవన్ నదులు కలిసే చోట ట్యూక్స్‌బరీ అని ఒక చిన్న పట్టణం ఉన్నది. ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్దకు వెళ్ళినప్పుడు మేమిద్దరమూ అక్కడి పాత మఠపు ఆలయాన్ని చూచి వచ్చాము. ఆ ఆలయం ఎట్లా నిలిచినదో మన సంఘపు కుటుంబాల వారికి చెప్పాలనిపించింది.

బెనెడిక్టు అనే మహనీయుడు 6వ శతాబ్దంలో వ్రాసిన నియమావళి ప్రకారం నడచిన సన్యాసుల మఠమిది. వేళ తప్పని ప్రార్థన, మిగిలిన పొద్దు చేతిపని, చదువు. రాబర్ట్ ఫిట్జ్‌హామన్ అనే నార్మను ప్రభువు 11వ శతాబ్దం చివర ఈ కట్టడం తలపెట్టాడు. ఆయన 1107లో పోయినా పని ఆగలేదు. 1121లో ప్రతిష్ఠ జరిగింది. రాయి నార్మండీలోని కాన్ నుంచి సముద్రం దాటి, నదికి ఎదురెక్కి పడవల మీద వచ్చిందట.

లోపల అడుగు పెట్టగానే కనబడేవి స్తంభాలు. వరుసకు 7 చొప్పున 14. ముప్పయి అడుగులకు పైబడిన ఎత్తు. నగిషీ లేదు, బొమ్మ లేదు. ఉత్త గుండ్రని రాయి. మేమిద్దరమూ చేతులు చాచి పట్టుకొన్నా ఒక్క స్తంభం చుట్టుకొలతలో సగమే అందింది. పైకప్పు మొదట కొయ్యది. 14వ శతాబ్దంలో రాతి కమానులు వేశారు. నడుమ నున్న గోపురం ఎత్తు 148 అడుగులు.

ఈ ప్రశాంతమైన చోట రక్తం కూడా చిందింది. 1471 మే 4న ఊరి పక్కనే రాజవంశీయుల పోరు జరిగింది. ఓడిన వారు ఆలయంలో శరణు జొచ్చినా విడువక, బయటికి తెచ్చి తలలు తీశారు. ఆ పోరులో మరణించిన 17 ఏళ్ళ రాకుమారుడు ఎడ్వర్డు సమాధి ఇక్కడనే ఉన్నది. తల ఎత్తి చూస్తే ఆ పై కప్పులో బంగారు సూర్యబింబాలు! అవి గెలిచిన రాజు చిహ్నాలు. చచ్చిన పిల్లవాడి మీద కూడా గెలుపు చాటుకోవాలా అని మాకు మనసు చివుక్కుమన్నది.

అసలు గండం తరువాత వచ్చింది. ఎనిమిదవ హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నిటినీ మూయించాడు. 1540 జనవరిలో ఇదీ ఆయన వశమైంది. అధికారులు వచ్చి జాబితా వ్రాశారు. మఠాధిపతి ఇల్లు, వాకిలి కట్టడం, ధాన్యపు కొట్టు ఉంచదగినవట. ఆలయం మాత్రం అక్కరలేనిదట! కారణం పైకప్పు మీది సీసం, గంటల లోహం. కరిగిస్తే రాజుగారికి రొక్కం. కప్పు పోయిన గోడ వానకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? గ్లాస్టన్‌బరీలో అంత గొప్ప మఠానికీ మొండిగోడలే మిగిలాయి.

అప్పుడు ఊరివారు ఒక మాట అన్నారు. ముందు భాగం ఏనాటి నుంచో మేము ప్రార్థన చేసుకొనే చోటు, అది మాదే; సన్యాసుల భాగానికి సీసం, గంటల వెల ఎంతో చెప్పండి, మేమే కట్టుకొంటాము. లెక్క 453 పౌన్లు తేలింది. ఆ కాలానికి అది పెద్ద మొత్తం. కట్టారు. సత్రానికో భజన మందిరానికో ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేసిన వారికి అందులోని కష్టం వేరే చెప్పనక్కరలేదు గదా.

చివరి మఠాధిపతి జాన్ వేక్‌మన్ మరుసటి ఏడు గ్లాస్టరుకు తొలి బిషప్పు అయినాడు. పెద్దవారికి ఎప్పుడూ దారి దొరుకుతుంది.

1870ల మరమ్మతు తీరు చూచి విలియం మారిస్ మండిపడి పత్రికకు లేఖ వ్రాశాడు. పాత కట్టడాలను చెడగొట్టకుండ కాపాడే సంఘం 1877లో దాని మూలంగానే పుట్టింది. 2007 జులై వరదలో ఊరంతా నీళ్ళు కమ్మితే ఆలయం దీవివలె నిలిచింది.

దక్షిణపు గోడ బయట నిలబడితే, సన్యాసులు నడచిన చుట్టు వసారా కమానుల జాడలు రాతిలో ఇంకా అగుపిస్తవి. ఊరివారి డబ్బు అంతదూరం రాలేదు. ఆ వసారా ఉన్న చోట ఇప్పుడు పచ్చిక మొలిచి ఉన్నది.