ఊసరవెల్లికి మేము కట్టిన గూడు

తొండ ముదిరి ఊసరవెల్లి యైనదని మనవారిలో నొక సామెత గలదు. నిజమునకు తొండ యెంత ముదిరినను తొండయే. ఊసరవెల్లి వేఱొక కుటుంబమునకు జెందిన ప్రాణి. మాట మార్చువానిని ఊసరవెల్లి యని నిందించుటయు మనకు వాడుక. ఇట్లు అపకీర్తి పాలైన యీ జంతువు నొకదానిని కొన్ని వారములు మాయింట నుంచి, దానికొక గూడు కట్టి, తుదకు దానివలన మేమే పాఠము నేర్చితిమి. ఆ వృత్తాంతమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

గడచిన వర్షాకాలమున నొకనాడు బడి విడిచి యింటికి బోవుచుండగా, సిద్దిపేట కోమటిచెరువు దారిలో కొందఱు బాలురు గుమిగూడి రాళ్లు రువ్వుచుండిరి. చేరి చూడగా నడుమ నొక ఊసరవెల్లి నోరు తెఱచి, ఒడలు పొంగించి, బుసకొట్టుచుండెను. దానికి విషము గలదని వారి భయము. విషమేమియు లేదు; అట్లు బెదరించుటయే దాని యాయుధము. బాలురను మందలించి, దానిని చేతిరుమాలలో నెత్తి యింటికి దెచ్చితిమి. వెనుకకాలొకటి కమిలి యుండెను.

మొదట దానిని పాత చేపల గాజుతొట్టిలో నుంచితిమి. అది తప్పు. ఎండ తగులగానే తొట్టి వేడెక్కెను, గాలి యాడదాయెను, గాజులో తన నీడనే చూచి పగవాడనుకొనెనో యేమో, ప్రాణి నల్లబడెను. రెండవనాడు కఱ్ఱబద్దలతో రెండడుగుల వెడల్పును నాలుగడుగుల యెత్తును గల చట్రము చేసితిమి. చెట్టెక్కు జంతువునకు వెడల్పుకంటె నెత్తు ముఖ్యము. చుట్టును ఇనుపజాలీ కొట్టగా దాని గోళ్లు చిక్కుకొనెను. జాలీ తీసివేసి దోమతెర బిగించితిమి. లోపల వ్రేలిమందము జామకొమ్మలు నిలిపితిమి. దాని కాలివ్రేళ్లు రెండు కట్టలుగా చీలి పట్టకారువలె కొమ్మను పట్టును. తోక యయిదవ చేయివలె చుట్టుకొనును. తన యొడలివేడిని తాను పుట్టించుకొనలేని ప్రాణి గాన, గూటిలో సగము ఎండయు సగము నీడయు నుండునట్లు చూచితిమి.

గిన్నెలో నీరుంచగా ముట్టలేదు. ఆకులపై నీరు చిలుకరించగా బిందువులను నాకి త్రాగెను. చచ్చిన యీగలను కన్నెత్తి చూడలేదు. విద్యార్థులు పట్టి తెచ్చిన మిడుతను విడువగా, అంతవఱకు వేఱువేఱు దిక్కులు చూచుచున్న రెండు కన్నులును ఒక్కచోట నిలిచెను. తన యొడలంత పొడవైన నాలుక రెప్పపాటున వెడలి మిడుతను లోనికి లాగెను.

ఒక బాలుడు రంగు చూడగోరి యెఱ్ఱగుడ్డను గూటిలో పఱచెను. ఊసరవెల్లి యెఱ్ఱబడలేదు. వెలుతురు, వేడిమి, భయము, కోపము, వీనినిబట్టియే దాని రంగు మాఱును. మడగాస్కరు ఊసరవెల్లుల చర్మకణములలో సూక్ష్మస్ఫటికములు గలవనియు, వాని నడిమి యెడము మాఱిన కొలది రంగు మాఱుననియు జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో వెల్లడించిరి. కావున దాని రంగు కపటము గాదు. తన స్థితిని దాచక బయలుపఱచుటయే.

మూడు వారములకు కాలు నయమాయెను. అయినను మేము దానిని విడువలేదు. చూడవచ్చినవారు గూటిని మెచ్చుకొనుచుండిరి. ఆ మెప్పు మాకు రుచించెను. ఒకనాడు ఆఱవ తరగతి బాలిక యొకతె మిడుతను చేతబట్టుకొని యడిగెను: "సారూ, కాలు నయమైంది గద. ఇగ ఎందుకు ఇడుస్తలేరు?"

మాకు ప్రత్యుత్తరము తోచలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఊసరవెల్లి రక్షితజంతువనియు, దానిని పట్టి పెంచుట నేరమనియు మేమెఱుగనివారము గాము. గాయపడిన ప్రాణి దొరకిన నాడే అటవీశాఖవారికి తెలుపవలసినది. చికిత్స యను పేర నాపని మానితిమి. రాళ్లు రువ్విన బాలురను మందలించిన మేము, మాతప్పును మాత్రము ముద్దు చేసికొంటిమి.

మఱునాడే అటవీశాఖవారియొద్దకు బోయి జరిగినది దాచక చెప్పితిమి. వారి సమక్షమున ఊరివెలుపల నొక వేపచెట్టుపై దానిని విడిచితిమి. కొంతసేపు కదలక యుండి, ఒక్కొక్క యడుగే ఊగుచు వేసి, ఆకులలో నాకై పోయెను. ఆ బాలిక యెంతసేపో దానిని వెదకెను, కనబడలేదు.

గూటికి ఎత్తు, గాలి, కొమ్మలు, ఎండ, నీడ, నీటిబిందువులు ఒక్కటొక్కటిగా చేర్చుచు వచ్చితిమి. చేర్చిన కొలదియు నది చెట్టును బోలుచు వచ్చినది. చెట్టు మాత్రము కాలేదు. బాలబాలికలారా! వానకాలమున దారి దాటు ఊసరవెల్లి కనబడినచో రాయి యెత్తకుడు, ఇంటికిని దేకుడు; అది మెల్లగా నడచునది గాన, దాటువఱకు బండ్లను ఆపుడు. మా గూడు ఇప్పుడు పెరటిలో నున్నది. దానిపై చిక్కుడుతీగ ప్రాకుచున్నది.