రెండుసార్లు మునిగిన జలాంతర్గామి

లివర్‌పూల్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిన మూడోవారంలో వాడు, "నాన్నా, ముందు లండను చూస్తారా, స్కాట్లండు చూస్తారా?" అని అడిగాడు.

"ఆ రెండూ తరువాత చూద్దాం. ముందు నాకు ట్రైత్ బఖన్ చూపించు" అన్నాను.

వాడు తెల్లబోయాడు. ఇన్నేళ్ళుగా ఆ దేశంలో ఉంటున్నవాడే ఆ పేరు వినలేదు. వేల్స్ దేశపు వాయవ్య మూల ఆంగ్లిసీ అని ఒక ద్వీపం. దాని తూర్పు ఒడ్డున ఉన్న చిన్న ఇసుక రేవు అది. వెల్షు భాషలో ఆ పేరుకు అర్థం కూడా 'చిన్న తీరం' అనే.

"ఏముందక్కడ?" అంది మా ఆవిడ.

"ఇప్పుడేమీ లేదు. ఒకప్పుడు ఒక జలాంతర్గామిని తెచ్చి ఆ ఇసుకలో పెట్టారు."

"ఇంతదూరం వచ్చింది ఇసుక చూడటానికా? మన కాకినాడలో లేదా ఇసుక?" అంటూనే ఆవిడ ప్రయాణానికి పులిహోర కలిపింది.

మెర్సీ నది అడుగున తవ్విన సొరంగంలోంచి కారు అవతలి ఒడ్డుకు తేలితే అది బర్కెన్‌హెడ్. అక్కడి కేమెల్ లెయర్డ్ నౌకా నిర్మాణశాలలోనే, 1938 జూన్‌లో, నేను చెప్పబోయే పడవ నీళ్ళలోకి జారింది. పేరు థెటిస్. పొడవు 275 అడుగులు. విశాఖపట్నం బీచిలో ఉన్న కురుసుర జలాంతర్గామిని లోపలికి వెళ్ళి చూసినవారికి దీని కొలత చెప్పనక్కరలేదు. అది 300 అడుగులు, ఇది అంతకంటే కాస్త చిన్నది. ఒక మనిషి నడుస్తుంటే ఎదురు వచ్చే మనిషి గోడకు అతుక్కుని దారి ఇవ్వాలి.

1939 జూన్ 1వ తేదీ ఉదయం ఆ పడవ లివర్‌పూల్ అఖాతంలోకి పరీక్షకు బయలుదేరింది. మామూలుగా అందులో ఉండవలసిన సిబ్బంది 53 మంది. ఆ రోజు ఎక్కినవారు 103 మంది. నౌకాదళం నుంచి చూడవచ్చిన అధికారులు, పడవ కట్టిన ఇంజనీర్లు, ఫిట్టర్లు, నదిలో దారి చూపే పైలటు, భోజనం వడ్డించటానికి వచ్చిన ఇద్దరు మనుషులు. పడవ మునిగేముందు, అవసరం లేనివారు వెంట వచ్చిన 'గ్రీబ్ కాక్' అనే టగ్గులోకి దిగిపోవచ్చు. ఎవరూ దిగలేదు. తమ చేతులతో చేసిన పడవ నీళ్ళలో ఎలా మునుగుతుందో చూడాలన్న సరదా ఎవరికుండదు?

మా కారు సముద్రం పక్కనే పోతోంది. కుడిచేతివైపు బూడిదరంగు నీళ్ళు, ఎడమచేతివైపు పచ్చని కొండలు, వాటిమీద గొర్రెలు. లాండడ్నో ఊరి దగ్గర గ్రేట్ ఆర్మ్ అనే కొండ ఏనుగు పడుకున్నట్టు సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. దానికి ఉత్తరంగా, ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరంలోనే ఆ ఘోరం జరిగింది.

మధ్యాహ్నం రెండు గంటలకు పడవను ముంచబోతే అది మునగలేదు; తేలికగా ఉంది. ముందుభాగంలో ఉన్న టార్పెడో గొట్టాలలో ఉండవలసిన నీరు ఉందో లేదో చూడటానికి లెఫ్టినెంట్ వుడ్స్ వెళ్ళాడు. ప్రతి గొట్టానికీ లోపలివైపు ఒక తలుపు, సముద్రంవైపు ఒక మూత ఉంటాయి. లోపలి తలుపుకు ఒక చిన్న కుళాయి ఉంటుంది. అది తిప్పితే నీరు చిమ్మితే గొట్టం నిండా నీరున్నట్టు. చుక్క రాకపోతే ఖాళీ అన్నట్టు. అయిదో గొట్టం కుళాయి తిప్పారు. చుక్క రాలేదు. తలుపు తీశారు.

సముద్రం లోపలికి వచ్చింది.

అవతలి మూత తెరిచే ఉంది. అది ఎందుకు తెరిచి ఉందో ఏ విచారణలోనూ తేలలేదు. మరి కుళాయిలోంచి నీరు ఎందుకు రాలేదు? గొట్టానికి లోపల రంగు వేసినప్పుడు ఆ తారురంగు కుళాయి రంధ్రంలో చేరి గట్టిపడింది. సూదిమొన పట్టేంత రంధ్రం! దానిని పొడిచి శుభ్రం చేసుకునే పుల్లలాంటి పరికరం కూడా ఉంది. ఆ రోజు దాన్ని ఎవరూ వాడలేదు.

ముందరి రెండు గదులు నిండిపోయాయి. పడవ ముక్కు 150 అడుగుల లోతున బురదలో గుచ్చుకుంది. పైన టగ్గులో ఉన్నవారికి అనుమానం వచ్చింది. వారు పంపిన సందేశం గాస్‌పోర్టులోని జలాంతర్గాముల కార్యాలయానికి తంతిగా చేరాలి. అది తీసుకువెళుతున్న కుర్రవాడి సైకిలు దారిలో పంక్చరయిందట. గంటలు అలా గడిచిపోయాయి.

లోపలివారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. వెనకభాగంలో ఉన్న నూనె, మంచినీరు రాత్రంతా బయటికి తోడేశారు. తెల్లవారేసరికి పడవ తోక తేలికై, నీటిపైకి పద్ధెనిమిది అడుగుల మేర లేచి నిలబడింది. జూన్ 2వ తేదీ ఉదయం ఎనిమిది కావస్తుండగా 'బ్రేజన్' అనే యుద్ధనౌక ఆ తోకను చూసింది.

అదే సమయానికి కెప్టెన్ ఓరం, వుడ్స్ డేవిస్ పరికరం అనే ప్రాణవాయువు సంచి తగిలించుకుని, తప్పించుకునే అరలోంచి పైకి వచ్చారు. పడవను ఎలా రక్షించాలో రాసిన కాగితం ఓరం తన చేతికి కట్టుకుని వచ్చాడు. తాను పైకి వచ్చేసరికి శవమైనా, కాగితం దొరుకుతుందని! తరువాత, వేళ మించిపోతున్నదని, ఒకేసారి నలుగురు ఆ అరలోకి దూరారు. నలుగురిలో ఎవరూ దక్కలేదు. ఆ తరువాత ఆర్నల్డ్ అనే స్టోకరు, షా అనే నిర్మాణశాల ఉద్యోగి బయటపడ్డారు. వారి వెనక ఇంకెవరూ రాలేదు.

నేను ఇంతవరకూ చెప్పేసరికి మా ఆవిడ ఊరుకోలేకపోయింది.

"అదేమిటండీ! తోక పైకే కనిపిస్తోందన్నారుగా. ఆ రేకు కోసి మనుషుల్ని లాగలేకపోయారా?"

ఈ ప్రశ్న 1939లో ఇంగ్లండులో ప్రతి ఇంట్లోనూ అడిగారు. కోసే సామగ్రి వేళకు రాలేదు. ఒకాయన ఆ తోక మీదికెక్కి ఒక మూత విప్పబోతే లోపలి గాలి బుస్సుమని బయటికి తన్నింది. ఆ గాలే లోపలివారి ప్రాణం. పోటు మళ్ళింది. మధ్యాహ్నం మూడు దాటగానే, తోకను పట్టి ఉంచిన ఉక్కుతాడు తెగింది. పడవ పూర్తిగా మునిగిపోయింది. 53 మందికి సరిపోయే గాలిని 103 మంది పంచుకున్నారు. ఊపిరి విడిచిన గాలే విషమై 99 మంది చనిపోయారు. బర్కెన్‌హెడ్‌లో నిర్మాణశాల గేటు ముందు నిలబడిన ఆడవాళ్ళు ఎదురు చూస్తూనే ఉన్నారు.

మేము మెనాయ్ జలసంధి మీది వంతెన దాటి ద్వీపంలోకి వచ్చాము. బెన్‌లెక్ ఊరు దాటాక, మోయెల్వ్రె ఊరు ఇంకా రాకముందే, కుడిచేతివైపు సన్నని దారి కిందికి దిగింది. అదే ట్రైత్ బఖన్. సముద్రం ఆటులో ఉంది. అరచంద్రాకారంలో గోధుమరంగు ఇసుక, దాని మీద నీటి ముడతలు. ఒక తండ్రీ కూతురూ బకెట్టుతో ఇసుక గూడు కడుతున్నారు. ఒక కుక్క నీళ్ళతో పోట్లాడుతోంది.

పడవను పైకి తీయటానికి మూడు నెలలు పట్టింది. ఆ పనిలో నౌకాదళపు డైవరు ఒకాయన ప్రాణం వదిలాడు. చివరకు 'జీలో' అనే ఓడ కింద ఉక్కుతాళ్ళతో వేలాడదీసి ఈ రేవుకు ఈడ్చుకు వచ్చారు. అది ఈ ఇసుకలో ఆనిన రోజు 1939 సెప్టెంబరు 3. ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన రోజు. 99 మంది కథ వినే తీరిక ఆ రోజుతో దేశానికి పోయింది.

మా ఆవిడ చెప్పులు విప్పి చేతపట్టుకుని నీటి అంచుదాకా నడిచింది. నేను ఒక రాతి మీద కూర్చున్నాను. ఇంతకూ ఈ చోటు చూడాలని నాకెందుకింత పట్టుదల? అది మా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి.

థెటిస్ పేరు నేను మొదట చదివింది న్యాయశాస్త్ర పుస్తకంలో. పోయినవారి భార్యలు పడవ కట్టిన సంస్థ మీద దావా వేశారు. పడవ ప్లానులూ, దాన్ని పైకి తీశాక రాసిన నివేదికలూ కోర్టులో చూపించమన్నారు. యుద్ధకాలం, చూపిస్తే దేశానికి నష్టం అని నౌకాదళ మంత్రి ప్రమాణపత్రం దాఖలు చేశాడు. మంత్రి అలా అన్నాక న్యాయమూర్తి అయినా ఆ కాగితాలు తెరిచి చూడరాదని 1942లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. డంకన్ కేసు అంటే అదే. 1946లో, ఆ ప్రమాదానికి ఎవరూ బాధ్యులు కారని కూడా అదే సభ తేల్చింది.

ఆ తీర్పు మన దేశానికీ వచ్చింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో, ప్రభుత్వ రహస్యపత్రాలను గురించిన 123వ సెక్షను ఉండేది. 1961లో మన సుప్రీంకోర్టు ఆ సెక్షనుకు అర్థం చెబుతూ డంకన్ కేసును సుదీర్ఘంగా చర్చించింది.

1978లో నేను ఒక ప్రభుత్వ ప్లీడరుగారి దగ్గర జూనియరును. ఒక కర్మాగారంలో బాయిలరు పేలి ఒక ఫిట్టరు పోయాడు. ఆయన భార్య పరిహారానికి దావా వేసి, ప్రమాదం మీద శాఖవారు జరిపిన విచారణ నివేదిక తెప్పించమని అడిగింది. ఇవ్వనక్కరలేదని నోటు రాయమన్నారు మా సీనియరుగారు. నేను రాత్రంతా కూర్చుని రాశాను. డంకన్ కేసును మొదటి పేరాలోనే ఉదహరించాను. దరఖాస్తు కొట్టేశారు. కాగితం లేక కేసూ పోయింది. సీనియరుగారు నా వీపు తట్టారు. ఆవిడ ఒక పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని కోర్టు వరండాలో బల్లమీద కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా నడవలేక నేను వెనక మెట్లు దిగి వెళ్ళాను.

ఇంగ్లండులో ఆ తీర్పును 1968లోనే పక్కకు పెట్టారు. కాగితాలు తెరిచి చూసే అధికారం న్యాయమూర్తిదే అన్నారు. మన సుప్రీంకోర్టు కూడా 1981లో ప్రభుత్వ ఉత్తరాలను బయటపెట్టించింది. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

థెటిస్ కథ ఆ ఇసుకలో ముగియలేదు. పడవను కడిగి, బాగుచేసి, పేరు మార్చి, 1940లో యుద్ధానికి పంపారు. కొత్త పేరు థండర్‌బోల్ట్, అంటే పిడుగు. కెప్టెన్ క్రౌచ్. 99 మంది ఊపిరాడక పోయిన ఇనుపగదులలోనే కొత్త కుర్రవాళ్ళు పడకలు వేసుకున్నారు. 1940 డిసెంబరులో ఫ్రాన్సు తీరాన టరాంటిని అనే ఇటలీ జలాంతర్గామిని ముంచారు. 1943 జనవరిలో, మనుషులు గుర్రమెక్కినట్టు ఎక్కి నడిపే టార్పెడోలను పలెర్మో రేవుదాకా మోసుకుపోయారు. వాటిలో ఒకటి ఇటలీవారి కొత్త క్రూజరును ముంచింది. ఆ సంవత్సరమే మార్చి 14న, సిసిలీ తీరాన, చికోన్యా అనే ఇటలీ యుద్ధనౌక నీటిబాంబులు కురిపించింది. ఈసారి ఒక్కరూ పైకి రాలేదు. 62 మంది.

అయితే ఒక మంచిపని మిగిలింది. ఆ ప్రమాదం తరువాత టార్పెడో గొట్టం తలుపులకు ఒక చిన్న కొక్కెం అమర్చారు. తలుపు వేలెడు సందు మాత్రమే తెరుచుకుంటుంది; నీరు చిమ్మితే వెంటనే మూసేయవచ్చు. నావికులు దాన్ని థెటిస్ కొక్కెం అనే పిలుస్తారు.

సాయంత్రం హోలీహెడ్ ఊరు చేరాము. అక్కడి శ్మశానం పేరు మైస్‌హవ్రిడ్. ఆహ్లాదకరమైన పొలం అని అర్థమట. పడవలోంచి తీసినవారిలో 44 మందిని అక్కడ ఒకేచోట పూడ్చారు. గాలి విసురుగా ఉంది. మా ఆవిడ రాతిమీది పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. అప్పుడు నేను ఆ వరండాలోని మనిషి సంగతి చెప్పాను. నలభై ఏళ్ళు దాటిన కాపురంలో మొదటిసారి.

ఆవిడ నన్ను ఒక్కమాటా అనలేదు. కొంతసేపటికి, "ఆ నివేదిక ఇప్పటికీ ఉంటుందా?" అని అడిగింది.

"పారేయకపోతే ఏ బీరువాలోనో ఉంటుంది."

"ఆ పిల్లవాడికి ఇప్పుడు యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ఎలా పోయాడో వాడికి తెలియవద్దూ?"

2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. ఆ నోటు రాసిన చేతితోనే దరఖాస్తు కూడా రాయవచ్చు. ఇంటికి తిరిగి వచ్చిన వారానికి కోర్టు రికార్డు గదిలో గుమాస్తాను కలిసి దావా నంబరు వెతకమన్నాను. "ఎవరి తరఫున, సార్?" అన్నాడు అలవాటుగా.

"వాది తరఫున" అన్నాను.